మరి అంటే వెండి

1979 జులై 22

కొండలరావు వచ్చి వెళ్ళాడు. మా పోర్టు క్లబ్బుకి సెక్రటరీ అయిన దగ్గర్నుంచి చంకలో ఫైలు లేకుండా మనిషి కనబడడం లేదు. అమెరికావాళ్ళు ఆకాశంలోకి పంపిన స్కైలాబ్ మన నెత్తిన పడకుండా ఎక్కడో పడిపోయింది కనుక ఇక నిశ్చింతగా వార్షికోత్సవం పెట్టుకోవచ్చట. అక్టోబరు రెండో ఆదివారం. నా మేజిక్ ఉండాలట. పేకముక్కలూ రుమాళ్ళూ కాదు, మనసులో మాట చెప్పేది కావాలట. కొత్తగా వచ్చిన పెద్దాఫీసరుగారికి అలాంటివంటే సరదా అట.

"నువ్వూ అక్కా కలిసి సేసీవోరు సూడు, అది పెట్టు బావా. జనం ఇప్పటికీ అడగతన్నారు" అన్నాడు.

చూద్దాం అన్నాను. నిజానికి ఏదీ చెయ్యాలని లేదు. రోజంతా స్టోర్సులో బోల్టులూ బేరింగులూ ఇచ్చి పుచ్చుకుని ఇంటికి వచ్చేసరికి నోరు విప్పడానికే ఓపిక ఉండడం లేదు. ఈ వయసులో చప్పట్లు ఏం చేసుకోను?

వాడు వెళ్ళాక మా ఆవిడ ఆరోగ్యం వంటింట్లోంచి వచ్చి, ఎవరైనా వచ్చారా అని అడిగింది. కొండలరావు గొంతు వీధి చివరిదాకా వినబడుతుంది. కిరసనాయిలు స్టవ్వు రొదలో వినబడి ఉండదు.

జులై 25

ఏది చెయ్యాలో తేలడం లేదు. రాసుకుంటే తేలుతుందేమో.

కవర్లది ఉంది. జనం చీటీల మీద ఏదో రాసి కవర్లలో పెట్టి అంటించి ఇస్తారు. నేను కవరు నుదుటికి ఆనించుకుని లోపలున్నది చెబుతాను. మొదటి కవరు మన మనిషిది, అందులో ఏముందో ముందే తెలుసు. ఆ జవాబు చెప్పి, ఆ కవరే విప్పుతున్నట్టు నటిస్తూ నిజానికి వేరేవాళ్ళ కవరు విప్పుతాను. సరిచూసుకుంటున్నట్టు దాన్ని చదువుకుంటే రెండో జవాబు దొరుకుతుంది. ఆ తర్వాత చివరిదాకా ఒక చీటీ ముందుంటాం. స్టేజీ మీద ఒక్కణ్ణే చేసుకోవచ్చు. ఆరోగ్యాన్ని ఇబ్బంది పెట్టక్కర్లేదు. కానీ ఒక్కణ్ణే నిలబడి పావుగంట సేపు నుదుటికి కవర్లు ఆనించుకోవడం తలుచుకుంటేనే నీరసం వస్తోంది.

జనంలో ఒకరు పుస్తకంలో చూసి తలుచుకున్న మాటని నేను పలక మీద రాసేది కూడా ఉంది. మా హాల్లో వెనక బెంచీలవాళ్ళకి పలకే కనబడదు.

ఇక మాది. ఆరోగ్యం స్టేజీ మీద కళ్ళకి గంతలతో కూర్చుంటుంది. నేను జనంలోకి వెళ్ళి ఎవరి దగ్గరున్న వస్తువైనా చేతిలోకి తీసుకుని అడుగుతాను, ఆమె చెబుతుంది. గుట్టంతా నేను అడిగే తీరులోనే ఉంటుంది. "ఇదేమిటి" అంటే వాచీ. "ఇదేమిటో" అంటే పెన్ను. "చెప్పు" అన్నది ముందు వస్తే ఉంగరం, చివర వస్తే కళ్ళజోడు. మొదట "మరి" అన్నానంటే వెండిది. "సరి" అన్నానంటే బంగారంది. ఇలాంటివి ఇంకా బోలెడు. పెళ్ళయిన కొత్తలో, కొండమీద చర్చికి వెనకాల ఒక్క గదిలో ఉన్నప్పుడు, కూర తరుగుతూ, బియ్యం ఏరుతూ నేర్చుకున్నాం. పట్టీ అంతా నా బుర్రలోంచి పుట్టిందే. ఆమె బట్టీ పట్టింది, అంతే.

భోజనం దగ్గర అడిగాను. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా మనదే చేద్దాం అంది. ఆమెకి ఇంత సరదా మిగిలి ఉందని నేననుకోలేదు.

జులై 29

చర్చిలో పూజ నుంచి వచ్చాక ప్రాక్టీసు. బల్లకి ఈ పక్క నేను, ఆ పక్క ఆమె. ఒక్క తప్పు లేదు. "సరి, చెప్పు, ఇదేమిటి" అన్నానో లేదో బంగారు ఉంగరం అనేసింది. మూడేళ్ళుగా చేయలేదంటే ఎవరూ నమ్మరు.

అనవసరంగా బెంగపడ్డాను.

ఆగస్టు 5

ఇవాళ గంతలు కట్టి చేశాం. బాగాలేదు. ఆమె కుర్చీలో, నేను గుమ్మం దగ్గర. వెండి అన్నచోట బంగారం అంది. పెన్ను అన్నచోట వాచీ అంది. గంత బట్ట మందం, చెవుల మీదుగా ముడి వేశాను. పాత బట్ట వాసనకి ఆమెకి తలనొప్పి కూడా.

ఆగస్టు 6

కొత్త గంత కుట్టించాను. పలచటి నల్ల బట్ట. ముడి చెవుల పైన వస్తుంది.

ఆగస్టు 12

మళ్ళీ అదే. కొన్నిసార్లు అసలు జవాబే లేదు, నేనింకా అడగలేదేమోనన్నట్టు కూర్చుని ఉంది. నాకు కోపం వచ్చింది. మరి, సరి, ఈ రెండింటికీ తేడా తెలియడం లేదా అని అరిచాను. ఆమె గంత లాగేసి నా మొహంలోకి చూసింది.

"మీరు నోట్లో నవుల్తన్నారు" అంది.

కావచ్చు. పోయిన నెల రెండు పళ్ళు పీకించుకున్నాను. మాట కొంచెం జారుతోంది. సోమవారం నుంచి గట్టిగా, విడమరిచి పలకాలి.

గంత తీసేసి మళ్ళీ చేస్తే ఒక్కటీ తప్పలేదు. అంటే ఆమెకి పట్టీ అంతా గుర్తుంది. ఉన్న చిక్కు బట్టతోనే.

ఆగస్టు 19

తాయారు వచ్చింది. ఆరోగ్యంతో పాటు పోర్టు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసే పిల్ల. బోర్డు దగ్గర ఇద్దరివీ పక్కపక్క కుర్చీలే. ఆరోగ్యాన్ని పిన్నీ అంటుంది. ఆరోగ్యం టీ పెట్టడానికి లేవగానే నాతో గొంతు తగ్గించి మాట్లాడింది. పిన్నికి ఈ మధ్య బాగా అలుపొస్తోందట. ఒకటి రెండు కనెక్షన్లు తప్పు వెళ్తే సూపర్‌వైజరు పిలిచి అడిగాడట. తాను పక్కనుండి చూసుకుంటున్నానని, బెంగపెట్టుకోవద్దని చెప్పింది. ఇంకేదో చెప్పబోయి ఆగినట్టనిపించింది. నేను అడగలేదు.

అలుపే అయి ఉంటుంది. పద్ధెనిమిదేళ్ళ నుంచి చెవికి ఆ ఫోను తగిలించుకుని కూర్చుంటోంది. నాకు మాత్రం అలుపు లేదా?

ఆగస్టు 20

కవర్లదే చేద్దామనుకుంటున్నాను. క్లబ్బు మైకు నమ్మదగ్గది కాదు, నేను జనంలో తిరుగుతుంటే నా మాట స్టేజీకి అందదు. అదీగాక కొత్త ఆఫీసరు పాతవి చూసి ఉండవచ్చు.

ఆరోగ్యంతో అన్నాను. చేస్తే మనదే చెయ్యాలి, లేకపోతే కొండలరావుకి లేదని చెప్పెయ్యమంది. ఇంత పట్టుదల ఏమిటో. కవర్లకి జిగురు కొన్నాను.

ఆగస్టు 31

ఏమీ లేదు. వాన. మోకాలు నొప్పి.

సెప్టెంబరు 2

పొద్దున్నే ఫిషింగ్ హార్బరుకి వెళ్ళి వంజరం తెచ్చాను. ఆరోగ్యం పెరట్లో కుళాయి పక్కన పీటేసుకుని చేప శుభ్రం చేస్తోంది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను. వీపు నా వైపు ఉంది. ఊరికే, ప్రాక్టీసుకన్నట్టు, మరి ఇదేమిటో అన్నాను. జవాబు లేదు. కొంచెం గట్టిగా అన్నాను. తర్వాత పేరు పెట్టి పిలిచాను. మళ్ళీ పిలిచాను. ఆఖరున ఎంత గట్టిగా పిలిచానంటే పక్కింటి చిట్టమ్మ గోడ మీదుగా తల పెట్టి, ఏటి బాబూ, ఏటైనాదని అడిగింది.

ఆరోగ్యం పొలుసు గీకుతూనే ఉంది.

నీళ్ళ చప్పుడు.

సెప్టెంబరు 3

నిన్న కుళాయి కట్టేసి ఉంది.

సెప్టెంబరు 9

వారం రోజులు ఈ పుస్తకం ముట్టుకోలేదు. ఆఫీసుకి వెళ్ళాను, వచ్చాను. ఆమె మాట్లాడుతుంటే ఆమె కళ్ళు ఎక్కడున్నాయో చూశాను. నా కళ్ళల్లో లేవు, కాస్త కింద ఉన్నాయి. నేను అటు తిరిగి మాట్లాడితే లేచి, ఏదో పని ఉన్నట్టు, నా ఎదురుగా వస్తుంది. ఇంత కాలం నేనెలా చూడలేదో. ఎవరైనా ఇంటికి వస్తే వాళ్ళ మొహం మీద వెలుతురు పడేలా కిటికీ ఎదట కూర్చోబెడుతుంది. అది మర్యాద అనుకునేవాణ్ణి.

ఇవాళ పూజ అయ్యాక చర్చి మెట్ల మీద కూర్చున్నాం. కింద హార్బరు, లంగరేసిన ఓడలు. ఆమెకి ఎదురుగా తిరిగి, ఎప్పటినుంచి అని అడిగాను. దేని గురించి అని ఆమె అడగలేదు.

"పోయినేడు క్రిస్మస్ కాడ్నించి" అంది. "ముందు ఎడంసెవి. ఇప్పుడు రెండోది కూడా పోతన్నాది."

ఈస్టరుకి ముందు తపస్సు కాలంలో తాయారుని తోడు తీసుకుని డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళిందట. నరాలట. మందు లేదట. చెవికి మిషను పెట్టుకుంటే ఎదురుగా ఉన్న మనిషి మాట కొంత తెలియవచ్చు కానీ ఫోనుకి పనికిరాదన్నాడట. ఎదురుగా ఉన్న మనిషికైతే ఆమెకి మిషను అక్కర్లేదు. మీ పెదాలు చూస్తే చాలు నాకు అంది. మరి అనేటప్పుడు పెదాలు కలుస్తాయట, సరి అనేటప్పుడు కలవవట. గంత కడితే పెదాలు ఎక్కడ కనబడతాయి?

తాయారుకి చెప్పి నాకు చెప్పలేదు. ఆ మాటే అడిగాను. గొంతులో కోపం ఉంది గాని ఆమెకి గొంతు తెలియదు కదా. మొహంలో కూడా ఉండే ఉంటుంది.

ఆమె ఓడల వైపు తిరిగింది. "తాయారుకి తెలిస్తే ఒంట్లో బాగోలేదు, అంతే. మీకు తెలిసిందంటే నాను నిజింగా సెవిటిదాన్నైపోతాను" అంది.

ఆ ఐటమే చెయ్యాలని పట్టు ఎందుకు పట్టావని అడిగాను.

"పెద్దాఫీసరు ముందర, అంత హాల్లో, అంత దూరం నించి మీరడిగింది నాను సెప్పీసినాననుకోండి. రేపు నాకు సెవుడని ఎవులైనా అంటే ఎవులు నమ్ముతారు?"

సెప్టెంబరు 10

ఇవాళ స్టోర్సులో ఒకరు అడిగిన సామాను బదులు ఇంకోటి ఇచ్చాను.

సెప్టెంబరు 13

ఒక మార్గం ఉంది. హాల్లో అక్కడక్కడా మన మనుషుల్ని కూర్చోబెట్టడం. ఫలానా వరసలో ఫలానా వస్తువులు అని ముందే అనుకుంటే ఆమె ఏమీ వినక్కర్లేదు. నేను ప్రశ్న అడిగినట్టు నటిస్తాను, ఆమె లోపల అంకెలు లెక్కపెట్టుకుని వరసగా చెప్పేస్తుంది. కొండలరావుకి చెబితే మనుషుల్ని కుదురుస్తాడు. ఎందుకని అడిగితే ఏం చెప్పాలో ఆలోచించాలి.

ఎప్పుడూ ఇలా చెయ్యలేదు. మేం చేసేది మోసమే, అయినా మోసంలో కూడా ఒక పద్ధతి ఉండేది.

ఆరోగ్యం సరేనంది. మొహం చూస్తే సంతోషంగా లేదు. నేనూ లేను. అయినా దీనితో ఆమె కుర్చీ నిలబడుతుందంటే ఇదే చేస్తాను. తాయారు పక్కనుంది. ఇంకో ఎనిమిదేళ్ళు గడిస్తే పెన్షను. ఎవరికీ నష్టం లేదు.

సెప్టెంబరు 14

ఎవరికీ నష్టం లేదు.

సెప్టెంబరు 19

తాయారు టీకి వెళ్ళిన సమయంలో జట్టీ నుంచి ఫోను వచ్చిందట. ఎవరో కూలీ చెయ్యి బరువులెత్తే విన్చిలో పడింది, డిస్పెన్సరీ కావాలి అన్నారట. ఆరోగ్యానికి డి ఒక్కటే తెలిసింది. డీజిల్ షెడ్డుకి కలిపింది. అక్కడివాడు ఇక్కడ కాదని పెట్టేశాడు. వాళ్ళు మళ్ళీ చేశారు, మళ్ళీ అక్కడికే కలిపింది. తాయారు వచ్చి బోర్డు చూసి, ప్లగ్గు లాగి సరైనచోట పెట్టింది. ఆ మనిషి బతికాడు. చెయ్యి కూడా ఉంటుందన్నారట. కనెక్షన్ ఆలస్యమైన సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

ఇదంతా తాయారు చెప్పింది. ఆరోగ్యాన్ని తనే ఇంటికి తీసుకొచ్చింది. ఆరోగ్యం చెప్పులు విప్పకుండా మంచం మీద కూర్చుంది. కూలీ పేరు వీర్రాజు అని మాత్రం అంది. రెండుమూడుసార్లు అంది.

సెప్టెంబరు 20

సెలవు పెట్టింది. వీర్రాజు ఉన్న ఆసుపత్రికి వెళ్ళి దూరం నుంచి చూసి వచ్చిందట. నన్ను రమ్మని అడగలేదు.

సెప్టెంబరు 23

ప్రాక్టీసుకని కుర్చీ వేశాను. ఆరోగ్యం వెళ్ళి కూర్చోలేదు.

"మీరు కూకోండి కుర్సీలో. నాను జనంలోకి ఎల్తాను" అంది.

అర్థం కాలేదు. నువ్వు అడిగితే నేను చెప్పడమా అన్నాను. అదే అంది. మన మనుషులు అక్కర్లేదు, ఎవరినీ ఎక్కడా కూర్చోబెట్టక్కర్లేదు, ఎవరి జేబులో ఏముంటే అదే. ఆమెకి చూపుంది, మాటుంది. నాకు చెవులున్నాయి.

ఇలా చేస్తే ఎక్స్ఛేంజి సంగతి ఏమవుతుందని నేనడగలేదు. జనంలో తిరుగుతూ మాట్లాడినా ఎవరికీ అనుమానం రాదు, బహుశా అదే ఆమె ఆలోచన.

నల్ల బట్ట నా కళ్ళకి కట్టింది.

సెప్టెంబరు 26

సిగ్గుగా ఉంది రాయడానికి. నేను చేసిన పట్టీ నాకే రావడం లేదు.

అడగడం తేలిక. వస్తువు చేతిలో ఉంటుంది, మాట దానంతటదే వస్తుంది. చీకట్లో కూర్చుంటే అలా కాదు. మాట వచ్చి వెళ్ళిపోతుంది. ముందు సరి అందా మరి అందా అని ఆలోచిస్తుంటే వెనకాల చెప్పు వచ్చిందో లేదో మరిచిపోతాను. చమట పడుతోంది. జవాబు ఆలస్యమైతే హాలు మొత్తం నన్నే చూస్తుందన్న భయం, ఖాళీ ఇంట్లో కూడా. ఇవాళ ఉంగరాన్ని కళ్ళజోడు అన్నాను, వాచీని అగ్గిపెట్టె అన్నాను.

ఆమె విసుక్కోలేదు. నేను ఆగస్టులో అరిచిన మనిషిని.

"తొందరపడకండి. మాట మొత్తం అయిపోనివ్వండి, అప్పుడు ఎనక్కెళ్ళి సూసుకోండి" అంది. ఇన్నేళ్ళూ అలాగే చేసేదట. నన్ను మేజీషియన్ అని, ఆమెని మేజీషియన్ గారి భార్య అని పిలిచేవాళ్ళు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

అక్టోబరు 7

పరవాలేదు. నాలుగో వంతు తప్పులు. బస్సులో కూడా కళ్ళు మూసుకుని, ఆమె నెమ్మదిగా అడుగుతుంటే చెబుతూ వచ్చాను. పక్క సీటు ఆయన నాకు ఒంట్లో బాగోలేదనుకుని కిటికీ తీశాడు.

అక్టోబరు 13

రేపే. తెల్ల చొక్కాకి ఇస్త్రీ చేసింది. వద్దంటే ఇప్పటికైనా మానేద్దాం అన్నాను. వినబడనట్టు ఊరుకుంది. పెదాలు చూస్తూనే ఉంది, అయినా ఊరుకుంది.

అక్టోబరు 15

ఒంట్లో శక్తి లేదు. ఆఫీసుకి వెళ్ళలేదు. జరిగింది జరిగినట్టు రాయాలి.

హాలు నిండిపోయింది. కిటికీల్లో కూడా జనం. పెద్దాఫీసరుగారు మొదటి వరసలో, ఆ పక్కన ఎక్స్ఛేంజి సూపర్‌వైజరు. ఈసారి అమ్మగారు అడుగుతారు, అయ్యగారు చెబుతారు అని కొండలరావు మైకులో చెబితే నవ్వారు. గంత ఆఫీసరుగారే స్వయంగా కట్టారు, బిగించి మరీ.

స్టేజీ మీద ఆరోగ్యం భాష మారిపోతుంది. ఒక్క అక్షరం జారదు. కింద నుంచి ఆమె గొంతు వచ్చింది, "ఇదేమిటి?" అని. వాచీ అన్నాను. "మరి, చెప్పు, ఇదేమిటి?" వెండి ఉంగరం. "ఇదేమిటో?" పెన్ను. చప్పట్లు మొదలయ్యాయి. ఆమె చెప్పినట్టే, మాట మొత్తం అయ్యాక వెనక్కి వెళ్ళి చూసుకున్నాను. ఒక్కటి తప్పాను. మిగతావన్నీ తగిలాయి. భయం పోయింది. చీకట్లో ఆమె గొంతు తప్ప ఇంకేమీ లేదు. అది ఎక్కడుందో, ఏ వరసలో నడుస్తోందో తెలుస్తోంది.

అప్పుడు వెనక బెంచీల నుంచి ఒక మగ గొంతు. టగ్గు మీద పనిచేసే గవర్రాజు. ఇంజను పక్కన పనిచేసి చేసి వాడి మాటే అరుపు. వాచీలూ పెన్నులూ ఎవరైనా చెబుతారు, నా మనసులో ఏముందో చెప్పమనండి అన్నాడు. కొందరు నవ్వారు. ఆరోగ్యం గొంతు అప్పటికి ఎడంవైపు వరసల్లో ఉంది. ఆమె వీపు వాడి వైపు ఉందని నాకు అర్థమైంది. వాడు మళ్ళీ అన్నాడు. ఆమె ఇంకెవరినో వస్తువు అడుగుతోంది. ఈసారి వాడికి రోషం వచ్చినట్టుంది.

"ఓలమ్మా, నీకే సెప్తన్నాను. వినబడతన్నాదా లేదా?"

హాల్లో గుసగుసలు. నేను గంత లాగేసి ఏదో ఒకటి అనాలి. మైకు అందుకుని, గవర్రాజూ, నీ ప్రశ్నకి జవాబు నేను చెబుతాను అనాలి. నా చేతులు కుర్చీ చేతుల మీద ఉన్నాయి. అక్కడే ఉండిపోయాయి. ఎవరో ఆమె భుజం తట్టి వెనక్కి చూపించినట్టున్నారు. ఆమె మాట ఆగింది.

తర్వాత ఆమె గొంతు వచ్చింది. స్టేజీ భాష కాదు.

"నాకు సెవులు వినబడవు బాబూ. ఎదరకొచ్చి సెప్పు."

నేను మాట మొత్తం అయ్యాక వెనక్కి వెళ్ళాను. మొదట మరి లేదు, సరి లేదు. చివర చెప్పు ఉంది. కళ్ళజోడు. కళ్ళజోడు అనడానికి నోరు తెరిచాను. తెరిచాకే ఆమె ఏమందో నాకు తగిలింది.

బెంచీ జరిగిన చప్పుడు. మనిషి నడిచి వచ్చాడు. ఈసారి మామూలు గొంతుతో, నెమ్మదిగా, నా మనసులో ఏటుందో సెప్పమన్నానమ్మా అన్నాడు. హాల్లో ఎవరూ దగ్గలేదు కూడా.

"దానికి ఆయన్నడగడం దేనికి, నానే సెప్తాను" అంది ఆరోగ్యం. "ఈ ఆడమనిషి మీద ఎందుకరిసినానా అని అనుకుంటన్నావు."

అప్పుడు గవర్రాజు అన్నాడు. "అవునమ్మా."

ఎంత నెమ్మదిగా అన్నాడంటే అది వెనక వరసలకి చేరి ఉండదు. నాకు చేరింది.

అడుగుల చప్పుడు కుడివైపుకి జరిగింది. "సరి, ఇదేమిటి?" అని అడిగింది, మళ్ళీ స్టేజీ గొంతుతో. బంగారం వాచీ అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. ఇంకా కొన్ని అడిగింది. ఏం చెప్పానో గుర్తులేదు, తప్పలేదని కొండలరావు అన్నాడు. గంత విప్పాక ముందు చూసింది సూపర్‌వైజరు మొహం. ఆయన ఆరోగ్యాన్ని చూస్తున్నాడు. పెద్దాఫీసరుగారు లేచి నిలబడి ఉన్నారు.

ఇంటికి వచ్చేటప్పుడు ఎందుకలా చెప్పేశావని అడగాలనుకున్నాను. రిక్షాలో చీకటి. అడిగినా ఆమెకి తెలియదు.

అక్టోబరు 16

వాళ్ళు పిలిచేదాకా ఉండలేదు. పొద్దున్నే తానే సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళి, జట్టీ ఫోను సంగతితో సహా చెప్పేసిందట. వీర్రాజుకి కూడా చెప్పిందట. వీర్రాజు, నా సెయ్యి నా దగ్గరే ఉన్నాది కదమ్మా అన్నాడట. సాయంత్రం ఇది చెప్పి అన్నం తినకుండా పడుకుంది.

ఉద్యోగం తీసేస్తారేమో. నాకెందుకో ఆ భయం కంటే నిద్ర ఎక్కువ వస్తోంది. పది నెలలుగా ఇద్దరం దేన్నో మోస్తూ ఉన్నట్టు. ఆమె తెలిసి, నేను తెలియక.

అక్టోబరు 23

తీసెయ్యలేదు. టపా విభాగంలో వేశారు. వచ్చిన కాగితాలు ఏ సెక్షనుకి వెళ్ళాలో విడదీయడం. అక్కడ మూల ఒక కుర్చీ, ఎవరూ మాట్లాడరట.

తాయారు వచ్చి ఏడ్చింది. బోర్డు దగ్గర కొత్తగా ఎవరినో కూర్చోబెట్టారట. ఆరోగ్యం ఆ పిల్ల కన్నీళ్ళు తుడిచి టీ ఇచ్చి పంపింది. తర్వాత, చెవికి ఫోను పెట్టుకుని పెట్టుకుని జుట్టు ఊడిపోయిన చోట తడుముకుంటూ కూర్చుంది. బాధపడకు అని నేను అనలేదు. పద్ధెనిమిదేళ్ళు ఊరందరి గొంతులూ ఆమె చేతి మీదుగా వెళ్ళాయి.

అక్టోబరు 28

గాజువాక నుంచి ఒకాయన వచ్చాడు. వాళ్ళ చర్చి పండక్కి మా ఐటం కావాలట. ఆరోగ్యాన్నే అడగండి అన్నాను. ఆమె ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడింది. చూసి చెబుతామంది.

ఆయన వెళ్ళాక వీధి మెట్ల మీద కూర్చున్నాం. సాయంత్రం, ఇంకా వెలుతురుంది.

"ఆవేళ నాను సెప్పిన తర్వాత సప్పట్లు కొట్టినారా?" అని అడిగింది. తాను గవర్రాజునే చూస్తోందట, మిగతావాళ్ళ చేతులు చూడలేదట.

కొట్టారు, హాలు అదిరిపోయింది అని చెప్పవచ్చు. ఆమెకి ఎలా తెలుస్తుంది? ఆమె వైపు పూర్తిగా తిరిగాను.

"లేదు" అన్నాను. "ఎవులూ కొట్టలేదు. ఒక్కలూ కదల్లేదు. పైన ఫేన్లు తిరగతన్న సప్పుడు వినబడింది."

"ఫేన్లా?"

ఫేన్లే అన్నాను.

కాసేపు ఆలోచించింది. ఆ హాల్లో ఎన్నిసార్లు కూర్చుందో, ఆ చప్పుడు ఎప్పుడూ పట్టించుకోలేదట. ఇప్పుడు తలుచుకుందామంటే రావడం లేదట.

"ఎలగుంటాదో సెప్పండి" అంది.

మొదలుపెట్టాను. ఒకటి కిర్రుమంటుంది, అన్నింటికంటే పాతది, స్టేజీకి దగ్గరగా ఉన్నది. మిగతావి ఒకటే శ్రుతి, ఎక్కడో బియ్యం చెరుగుతున్నట్టు. ఆమె నా పెదాలు చూస్తోంది. అర్థం కానిచోట మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను. ఫేన్ల తర్వాత బెంచీ జరిగిన చప్పుడు, గవర్రాజు అడుగుల చప్పుడు, వాడి అవునమ్మా, ఇంకా ఏవేవో. వెలుతురు ఉన్నంతసేపూ చెబుతూనే ఉన్నాను.